తీతువు అరవకముందే

కుంట గట్టు ఎక్కకముందే తీతువు మనల్ని పట్టేస్తుంది. సర్కారు తుమ్మల నడుమ కాలిబాటలో ఇంకా పాతిక ముప్పై అడుగులు మిగిలుండగానే, నీళ్లు మన కంటపడకముందే అది గాల్లోకి లేచి అరుపు అందుకుంటుంది. ఊళ్లల్లో తీతువు కూతను అపశకునం అంటారు. రాత్రిపూట ఇంటి మీదుగా కూసుకుంటూ పోతే ముసలమ్మలు దేవుణ్ణి తలచుకుంటూ లేచి కూర్చునేవాళ్లు. పాపం, ఆ పిట్ట చెప్పేది ఒక్కటే మాట: ఎవరో వస్తున్నారు. ఆ మాట వినగానే కుంటంతా సర్దుకుంటుంది. మునుగుడు కోడి బుడుంగున మునిగిపోతుంది. నీలి జంబుకోళ్లు జమ్ములోకి నడిచిపోతాయి. కొక్కెరలు లేచి అవతలి గట్టున వాలతాయి. మనం గట్టెక్కి కెమెరా బయటికి తీసేసరికి ఖాళీ నీళ్లు, వాటి మీద తిరుగుతున్న తూనీగలు మిగులుతాయి.

తొలి రోజుల్లో నాకు దక్కిన ఫోటోలన్నీ ఎగిరిపోతున్న పిట్టలవే. లెన్సు చాలడం లేదనుకున్నాను. చాలనిది ఏమిటో తెలియడానికి రెండు శరత్తులు పట్టింది. పిట్టకూ మనిషికీ నడుమ ఎంత దూరం ఉండాలన్నది పిట్టే తేలుస్తుంది. ఫోటో బాగా రావడం, రాకపోవడం ముప్పాతిక వంతు ఆ దూరం మీదే ఉంది. అందుకే ఈ అధ్యాయంలో కెమెరా గురించి కంటే దూరం గురించే ఎక్కువ చెబుతాను.

ముందు ఈ కుంటలున్న చోటు సంగతి. మందమర్రి మంచిర్యాల జిల్లాలోని బొగ్గు ఊరు. కాజీపేట నుంచి బల్హార్షా పోయే రైలు మార్గం మీద ఉంటుంది. సింగరేణి క్వార్టర్లు, పాత బొగ్గు బాయిలు, ఓపెన్‌కాస్టులు, వాటిలోంచి తవ్వి పోసిన మట్టి గుట్టలు, కొంచెం ఎడంగా బొక్కలగుట్ట దగ్గర గాంధారి ఖిల్లా. ఇక్కడి కుంటలు కొల్లేరులాగా 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కినవి కావు. నేలపట్టులాగా పిట్టలను చూడటానికి జనం దూరాల నుంచి బండ్లు కట్టుకుని వచ్చే చోట్లూ కావు. బర్రెలు దిగే కుంటలు, బతుకమ్మలను సాగనంపే చెరువులు ఇవి. గట్టు మీద నిలబడితే ఒక చెవికి ఈలబాతుల ఈల, ఇంకో చెవికి బొగ్గు వ్యాగన్ల చప్పుడు వినపడతాయి. అయినా ఆశ్వయుజంలో తెల్లవారి ఐదున్నరకు వెళ్లి కూర్చుంటే ఒక మనిషికి జీవితకాలం సరిపడా చదువు ఇక్కడే ఉంది.

ఆశ్వయుజమే ఎందుకు? మన శరత్తులో చెరువు నిండుగా ఉంటుంది, తంగేడు పూస్తుంది, గునుగు తెల్లబడుతుంది. వానలు గాలిలోని దుమ్మును కడిగేసి ఉంటాయి. వీటన్నిటికీ మించి సూర్యుడు కిందికి దిగుతాడు. మందమర్రి సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాబట్టి మే నడుమ ఒకసారి, జూలై ఆఖర్లో ఒకసారి మిట్టమధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అక్టోబరు నడుమకు వచ్చేసరికి మధ్యాహ్నం కూడా 63 డిగ్రీల ఎత్తును మించడు. నవంబరు నడుమకు 53 డిగ్రీలకు దిగుతాడు. నడినెత్తి ఎండలో పిట్ట వీపు తెల్లగా కాలిపోయి, పొట్ట చీకట్లో పడిపోతుంది, కన్ను గుంటలా కనిపిస్తుంది. వెలుతురు ఏటవాలుగా వచ్చినప్పుడు అది రెక్క కిందికి, కంట్లోకి చేరుతుంది. కంట్లో ఆ చిన్న మెరుపు లేకపోతే ఎంత గొప్ప ఫోటో అయినా ప్రాణం లేని బొమ్మలాగే ఉంటుంది.

బొగ్గు ప్రాంతంలో ఈ కడిగిన గాలి ఎన్నాళ్లో ఉండదు. రోడ్లు ఆరగానే లారీల దుమ్ము లేస్తుంది. కార్తీకం ముదిరేకొద్దీ రాత్రుళ్లు నేల త్వరగా చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది, దాని మీద వెచ్చటి గాలి కుండ మీద మూతలా కూర్చుంటుంది. పొయ్యిల పొగ, రోడ్ల దుమ్ము ఆ మూత కిందే ఆగిపోతాయి. అప్పుడు పొద్దున్నే సూర్యుడు ఎర్రగా, అందంగా కనిపిస్తాడు గానీ కుంట అవతలి గట్టు మాత్రం మసకబారుతుంది. బతుకమ్మ పండుగ నుంచి కార్తీక పౌర్ణమి వరకు ఉన్న రోజులే ఇక్కడ ఫోటోలకు మేలైనవని నా లెక్క.

ఇప్పుడు దూరం సంగతి. లెన్సు లోపల పడే బొమ్మ సైజు తెలుసుకోవడానికి పదో తరగతి లెక్క చాలు. పిట్ట పొడవును లెన్సు నాభ్యంతరంతో గుణించి, పిట్ట ఉన్న దూరంతో భాగించాలి. 20 సెంటీమీటర్ల పిట్ట 20 మీటర్ల దూరంలో ఉందనుకోండి. మామూలు ఫోను లెన్సు నాభ్యంతరం 6 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. సెన్సరు మీద పడే పిట్ట బొమ్మ 0.06 మిల్లీమీటర్లు. అంటే తల వెంట్రుక మందం! తర్వాత వేళ్లతో ఎంత సాగదీసినా ఆ వెంట్రుక మందంలోంచి ఈకలు పుట్టుకురావు. 400 మిల్లీమీటర్ల లెన్సు పెడితే అదే బొమ్మ 4 మిల్లీమీటర్లవుతుంది, పెసరగింజంత. లక్షలు పోసి 800 మిల్లీమీటర్ల లెన్సు కొంటే 8 మిల్లీమీటర్లు. పైసా ఖర్చు లేకుండా ఆ పిట్టే 10 మీటర్ల దగ్గరికి వచ్చినా 8 మిల్లీమీటర్లే.

దగ్గరితనం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. పొద్దున తొమ్మిది దాటాక గట్టు మట్టి వేడెక్కి, దాని మీది గాలి పొరలు పొరలుగా కదులుతుంది. వేడి గాలిలో వెలుతురు వంగే తీరు వేరు, చల్ల గాలిలో వేరు. నూరు మీటర్ల అవతలి కొంగ ఆ పొరల గుండా చూస్తే నీళ్లలో నీడలా వణుకుతుంది. ఈ వణుకును సరిచేసే లెన్సు ఎంత డబ్బు పెట్టినా దొరకదు. నడుమ ఉన్న గాలిని తగ్గించుకోవడమే దారి.

మరి ఆ పది మీటర్లు ఎలా సాధించాలి? ప్రతి ప్రాణికీ ఒక గీత ఉంటుందని, శత్రువు ఆ గీత దాటాడనిపిస్తే అది పారిపోతుందని స్విట్జర్లాండ్ జంతుశాస్త్రజ్ఞుడు హైనీ హెడిగర్ ఎన్నో జంతువులను పరిశీలించి వివరించాడు. ఆ గీత జాతిని బట్టి, చోటును బట్టి, ఎదురైనవాడి తీరును బట్టి మారుతుంది. నేరుగా మీదికి నడిచొచ్చే మనిషికి గీత పెద్దది. పక్కగా పోతున్నవాడికి చిన్నది. రెప్ప వాల్చకుండా తననే చూస్తున్న కళ్లు పిట్టకు పిల్లి కళ్లతో సమానం. మన కుంట మీద ఇది రోజూ కనపడుతుంది. బొగ్గు రైలు పోతుంటే కొక్కెర తలెత్తి కూడా చూడదు. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగితే మంద మొత్తం ఒక్కసారి లేచి, ఒక చుట్టు తిరిగి మళ్లీ అక్కడే వాలుతుంది. నేను చెట్టు చాటు నుంచి ఒక అడుగు ముందుకేస్తే మాత్రం అవతలి గట్టుకు పోతుంది. రైలు తనను తినదని దానికి తెలుసు. నా సంగతి దానికి ఇంకా తేలలేదు.

1892లో బ్రిటన్‌లో రిచర్డ్ కేర్టన్, చెర్రీ కేర్టన్ అనే అన్నదమ్ములు గుడ్లున్న పిట్టగూడును ఫోటో తీశారు. ప్రకృతి ఫోటోగ్రఫీ మొదటి అడుగుల్లో అదొకటి. ఆ తర్వాత వాళ్లు పిట్టలకు దగ్గరవడానికి ఎద్దు తోలుతో బోలుబొమ్మ చేయించి, దాని కడుపులో కెమెరాతో నిలబడేవారు. మన కుంటల దగ్గర బోలు ఎద్దు అక్కర్లేదు. నిజం బర్రెలే ఉన్నాయి. బర్రెల మంద నీళ్లలోకి దిగితే వాటి కాళ్ల కింద కదిలే పురుగుల కోసం కొంగలే దగ్గరికి వస్తాయి. ఈ కిటుకు నాకు చెప్పింది పుస్తకం కాదు, అక్కడ బర్లు కాసే ఒక పెద్దాయన. నేను కెమెరా ఎత్తి పట్టుకుని చెట్టు చాటు నుంచి చెట్టు చాటుకు నక్కుతూ పోతుంటే పిలిచి కూర్చోబెట్టాడు.

“గట్ల దొంగ లెక్క పోతె ఏ పిట్టైన లేస్తది బిడ్డా. దాన్ని సూడనట్టు కూసో. గదే అస్తది.”

“ఎంతసేపు కూసోవాలె తాతా?”

“గది దాని ఇష్టం.”

ఆ రోజు బర్రెల పక్కన, గట్టు వాలులో, మోచేతులు నేలకానించి పడుకున్నాను. పురుగూ పుట్రా లేదని ముందే కర్రతో గడ్డి తట్టి చూసుకున్నాను. నలభై నిమిషాలకు ఒక గుడ్డికొంగ నాకు ఆరేడు మీటర్ల దగ్గరికి నడుచుకుంటూ వచ్చింది. దాన్ని గుడ్డికొంగ అనడానికి కారణం ఉంది. మనిషి కాలి దగ్గరికి వచ్చేదాకా కదలదు కాబట్టి కళ్లు కనపడవనుకున్నారు. నిజానికి దానికి బాగా కనిపిస్తుంది. తన మీద తనకున్న నమ్మకంతో కదలదు. ఎండాకాలం, వానాకాలం జత కట్టే రోజుల్లో దాని వీపు ముదురు మెరూన్ రంగులో ఉంటుంది. శరత్తుకు ఆ రంగు పోయి, మట్టి రంగు మీద చారలు చారలుగా మారుతుంది. ఎండిన తుంగ నడుమ నిలబడితే ఏది తుంగో ఏది కొంగో చెప్పలేం. లేచిందంటే మాత్రం ఆ మట్టి ముద్దలోంచి పాలలాంటి తెల్లటి రెక్కలు విచ్చుకుంటాయి. తరుముతున్న జంతువుకు తెల్లది కనిపించి, వాలగానే తెల్లది మాయమవుతుంది. వెతుకుతున్నది ఒకటి, ఎదురుగా ఉన్నది ఇంకొకటి.

తెలుపు, నలుపు రెండూ కెమెరాను మోసం చేస్తాయి. కెమెరా లోపల వెలుతురును కొలిచే ఏర్పాటుకు ఎదుట ఉన్నది ఏమిటో తెలియదు. లోకమంతా సగటున ఒక బూడిద రంగు అనుకుని లెక్క కడుతుంది. బొగ్గు కుప్పను ఫోటో తీసి చూడండి, బూడిద కుప్పలా వస్తుంది. నల్లటి బర్రె మందలో ఒక కొక్కెరను తీస్తే కెమెరా ఆ నలుపును బూడిద చేయాలని వెలుతురు పెంచుతుంది, కొక్కెర ఈకలన్నీ కలిసిపోయి సున్నపు ముద్దలా తేలుతుంది. అప్పుడు వెలుతురును ఒక మెట్టు, అంటే సగానికి తగ్గించి తీయాలి. నీరుకాకి తెల్లటి ఆకాశం ముందు రెక్కలు ఆరబెట్టుకుంటుంటే దానికి ఎదురు పని: ఒక మెట్టు పెంచాలి. నీరుకాకి పై ఈకలు నీళ్లు తాగుతాయి. తడిసి బరువెక్కితే నీళ్లలో తేలే గుణం తగ్గి, చేప వెంట లోతుకు పోవడం తేలికవుతుంది. ఆ తర్వాత ఎండలో రెక్కలు చాచి నిలబడక తప్పదు. మనకు ఫోటో దొరికేది ఆ ఆరబెట్టే వేళే. దాన్ని అప్పుడు లేపితే తడి రెక్కలతోనే ఎగరాల్సి వస్తుంది కాబట్టి నేను ఆ వేళ గట్టు మీద కదలను.

వేగం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సెకనుకు 10 మీటర్ల వేగంతో ఎగిరే పిట్ట, సెకనులో 500వ వంతు కాలంలో 2 సెంటీమీటర్లు కదులుతుంది. ముక్కు మసకబారడానికి అది చాలు. షట్టరు వేగం 2,000వ వంతు పెడితే అర సెంటీమీటరు. ఇక నల్లతెల్ల లకుముకి నీళ్ల మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, తల మాత్రం కదలకుండా కిందికి చూస్తుంది. నీళ్లలో చేప ఉన్న లోతుకు ముప్పాతిక వంతు లోతులోనే ఉన్నట్టు కనపడుతుంది, వెలుతురు నీళ్లలోంచి గాలిలోకి వస్తూ వంగుతుంది గనక. లకుముకి ఆ తేడాను మనసులో సరిచూసుకునే దూకుతుంది.

ఇక పాలపిట్ట. దసరా నాడు జమ్మి చెట్టుకు పోయే దారిలో పాలపిట్టను చూడటం మన ఆనవాయితీ. తెలంగాణ రాష్ట్ర పక్షి అదే. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు గోధుమ వన్నెతో సాదాసీదాగా ఉంటుంది. ఎగరగానే రెక్కల్లో నీలాలు రెండు రకాలుగా పరచుకుంటాయి. ఆ నీలం ఫోటోల్లో ఒక్కోసారి ఒక్కో తీరుగా ఎందుకు వస్తుందో చాలాకాలం నాకు అర్థం కాలేదు. జవాబు వెతికితే సి.వి. రామన్ దగ్గరికి చేరాను.

రామన్ 1934లో భారత విజ్ఞాన అకాడమీని స్థాపించాడు. ఆ అకాడమీ పత్రిక మొదటి సంపుటిలోనే పక్షుల ఈకల రంగుల పుట్టుక మీద ఒక వ్యాసం రాశాడు. అందులో ఆయన పరిశీలించింది మన పాలపిట్ట ఈకలనే! పాలపిట్ట ఈకలో నీలి రంగు పదార్థం ఏదీ లేదు. ఈక పోగుల లోపల మన గోళ్లలో ఉండే కెరాటిన్ వంటి పదార్థమే స్పాంజిలా అల్లుకుని ఉంటుంది. దాని నడుమ గాలి బుడగలు. సన్నటి ధూళి కణాలు వెలుతురును చెదరగొట్టడం వల్ల ఆకాశంలాగే ఈకలూ నీలంగా కనిపిస్తాయని అంతకుముందు అనుకునేవారు. పాలపిట్ట రంగులకు ఆ వివరణ చాలదని రామన్ వాదించాడు. ఇలాంటి స్పాంజి అల్లిక లోపల ఒక క్రమం ఉందని, బుడగల మధ్య దూరాలు దాదాపు సమానంగా ఉండటం వల్ల నీలి కాంతి అలలు ఒకదానికొకటి తోడై బలపడి బయటికి వస్తాయని రిచర్డ్ ప్రమ్, అతని సహచరులు 1998లో నేచర్ పత్రికలో చూపించారు. వాళ్లు తీసుకున్నది దక్షిణ అమెరికా నీలిపిట్ట ఈక. మిగిలిన రంగులను వెనకున్న నల్లటి మెలనిన్ పొర మింగేస్తుంది.

చెట్టు కింద రాలిన పాలపిట్ట ఈక కనిపిస్తే వంగి, ఎండ వెనక నుంచి పడేట్టు చూడండి. నీలం పోయి మట్టి రంగు మిగులుతుంది. ఎండ ముందు నుంచి పడేట్టు చూస్తే నీలం తిరిగొస్తుంది. అందుకే సూర్యుడు మన వీపు వెనక ఉన్నప్పుడు తీసిన పాలపిట్ట నీలంగానూ, సూర్యుడికి ఎదురుగా తీసినది మసిబారినట్టూ వస్తుంది. ఫోటోలో రంగు కావాలంటే పొద్దున తూర్పు గట్టున, సాయంత్రం పడమటి గట్టున కూర్చోవాలి.

ఈ పిట్ట గురించి మనసు కలుక్కుమనే సంగతి కూడా ఉంది. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితిగతుల నివేదిక, అంతరించే ముప్పును అంచనా వేసే అంతర్జాతీయ రెడ్ లిస్టులో స్థానాన్ని మళ్లీ పరిశీలించాలని కోరిన 14 జాతుల్లో పాలపిట్ట ఒకటి. అది తగ్గుతోంది. అయినా దసరా వచ్చిందంటే కొన్నిచోట్ల దాన్ని పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపిస్తారు. ఎగిరిపోకుండా రెక్కలకు, కాళ్లకు దారం కడతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పండుగ నాటి దర్శనం ఆ పిట్ట తనంతట తాను తీగ మీద వాలి ఇస్తేనే దర్శనం. పంజరంలో చూసినదానికి పుణ్యం ఎక్కడిది?

బతుకమ్మ పండుగైన మర్నాడు ఒడ్డున బంతిపూలు, గునుగు తేలుతుంటాయి. వాటి నడుమ నత్తగుల్ల కొంగలు పని మొదలుపెడతాయి. ఈ కొంగ ముక్కు మూసినా నడుమ సందు ఉంటుంది, అడకత్తెర నోరులాగా. ఆ సందులో నత్తను పెట్టి పోకచెక్కలా పగలగొడుతుందని చాలామంది అనుకుంటారు. ఒడ్డున వెతికితే అసలు సంగతి బయటపడుతుంది. అది తిని పారేసిన గుల్లలు చాలావరకు పగలకుండా, కడిగిన గిన్నెల్లా పడి ఉంటాయి. ఎం.పి. కాల్ అనే శాస్త్రవేత్త 1971లో ఈ కొంగల తిండి తీరును వివరించాడు. పై ముక్కుతో నత్తను నేలకు అదిమిపట్టి, కత్తిలాంటి కింది ముక్కు కొనను మూత పక్కనుంచి లోపలికి దూర్చి, నత్తను గుల్లకు కట్టిపడేసే కండరాన్ని కోస్తుంది. ఆ తర్వాత కండ మొత్తం జారి బయటికి వస్తుంది. ఇదంతా ఎక్కువగా నీళ్ల కిందే జరుగుతుంది గనక మనకు కనపడేది మెడ వణకడమే. కొంగపిల్లకు పుట్టుకతో ఈ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. నా దగ్గర ముక్కు తిన్నగా ఉన్న పిల్ల కొంగ ఫోటో ఒకటి ఉంది. దాని పక్కనే తల్లో తండ్రో. రెండు ముక్కులూ ఒకే ఫ్రేములో పడటానికి ఆ ఉదయం మూడు గంటలు కూర్చున్నాను.

అక్టోబరులో నీరు ఒక్కో జానెడు వెనక్కి తగ్గుతుంటే బురద అంచు బయటపడుతుంది. ఉల్లంకి పిట్టలు దిగేది ఆ అంచు మీదే. కొన్ని హిమాలయాలకు అవతల, సైబీరియా వరకు ఉన్న చిత్తడి నేలల్లో పిల్లల్ని లేపి ఇక్కడికి వస్తాయి. ఒక్కోదాని ముక్కు ఒక్కో పొడవు. పొట్టి ముక్కుది పైపై పురుగులను ఏరుకుంటే, పొడుగు ముక్కుది వేలెడు లోతు బురదలో వెతుక్కుంటుంది. అందుకే ఒకే అంచున నాలుగు జాతులు కొట్లాడుకోకుండా తినగలుగుతాయి. నీరు రెండు జానలు ఎక్కువున్నా, తక్కువున్నా ఆ ఏడు కొన్ని జాతులు దిగవు. ఇంత దూరం వచ్చిన పిట్టను మనం ఫోటో కోసం గంటకు పదిసార్లు లేపితే అది తిని పోగేసుకున్న కొవ్వునే కరిగించుకుంటుంది. పిట్ట కూతను ఫోనులో వినిపించి దగ్గరికి రప్పించడం కూడా అలాంటి పనే.

తూనీగలను కూడా చిన్నచూపు చూడొద్దు. చిన్నప్పుడు మనం దారం కట్టి ఆడుకున్న పసుపు తూనీగల్లో ఒక జాతి ఈ కాలంలోనే గుంపులుగా దక్షిణానికి, ఆ తర్వాత సముద్రం మీదుగా ఆఫ్రికాకు పోతుందని మాల్దీవుల్లో ఏళ్ల తరబడి గమనించిన చార్లెస్ ఆండర్సన్ 2009లో ప్రకటించాడు. నాగాలాండ్, మణిపూర్‌లలో ఆగి బయలుదేరే అమూర్ డేగలు నవంబరులో ద్వీపకల్పం మీదుగా ఆ సముద్రాన్నే దాటుతాయి. దారిలో వాటికి ఈ తూనీగలే తిండి కావచ్చని ఆండర్సన్ ఊహ.

అసలు మన కాళ్ల కింది బొగ్గు కూడా ఒక చిత్తడి నేలే. ఇప్పటికి దాదాపు 28 కోట్ల ఏళ్ల కిందట ఈ గోదావరి లోయ గోండ్వానా అనే పెద్ద ఖండంలో, ఇప్పటికంటే దక్షిణ ధ్రువానికి చాలా దగ్గరగా ఉండేది. గ్లాసోప్టెరిస్ అనే చెట్లు బురదలో పెరిగేవి. నాలుకలాంటి వాటి ఆకులు గుట్టలుగా ఒకేచోట శిలాజాలై దొరకడాన్ని బట్టి అవి చలికాలానికి ముందు ఆకులు రాల్చేవని శాస్త్రజ్ఞులు అంటారు. ఆ శరత్తుల ఆకులే పేరుకుని, కూరుకుపోయి, నొక్కుకుపోయి మన బాయిల్లో పొరలయ్యాయి. ఆ చిత్తడి మీద ఒక్క పిట్ట కూడా లేదు. అప్పటికి పక్షులే పుట్టలేదు. తూనీగల పూర్వపు బంధువులు మాత్రం ఎగురుతుండేవి. ఆ తర్వాత పది కోట్ల ఏళ్లకు ఇదే లోయలో డైనోసార్లు తిరిగాయి. మన మంచిర్యాల జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసారుకు 1988లో పి. యాదగిరి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టాడు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబెట్టి ఉంది. డైనోసార్లలోనే వేరే కొమ్మ నుంచి వచ్చిన పిట్టలు ఇవాళ ఆ బొగ్గు మీది కుంటలో చేపలు పడుతున్నాయి.

కుంటలు మాత్రం అన్ని కోట్ల ఏళ్లు నిలవవు. తవ్వకం ముందుకు జరిగితే ఒక కుంట పోతుంది. తవ్వి వదిలేసిన గోతిలో నీళ్లు నిండితే ఇంకొకటి పుడుతుంది. కొత్త గోతికి గట్లు నిట్టనిలువుగా, నీళ్లు లోతుగా ఉంటాయి. నీరుకాకికి అది సరిపోతుంది గానీ బురద అంచు లేదు కాబట్టి ఉల్లంకికి చోటుండదు. గుర్రపుడెక్క కమ్మితే మునుగుడు కోడి పోతుంది, తామరకోడికి మాత్రం నడవడానికి ఆకులు మిగులుతాయి. ఏది పోయింది, ఏది వచ్చింది అని చెప్పగలగాలంటే ముందు ఏముండేదో ఎవరో ఒకరు రాసి ఉంచాలి.

పాత హైదరాబాద్ రాజ్యంలో పక్షుల సర్వే 1931-32లో సలీం అలీ చేశాడు. ఆ ఫలితాలు బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చాయి. ఆ రోజుల్లో పిట్టను గుర్తించామనడానికి రుజువు అంటే తుపాకీతో కొట్టి, గడ్డి కూరి, చీటీ కట్టిన నమూనానే. చీటీ మీద చోటు, తేదీ రాసేవారు. చీటీ ఊడిపోతే ఎంత అరుదైన నమూనాకైనా విలువ పోయేది. ఇప్పుడు ఫోటో ఆ పని చేస్తుంది, పిట్ట ప్రాణం తీయకుండా. కానీ చీటీ అవసరం మాత్రం తీరలేదు. చోటు, తేదీ లేని పాలపిట్ట ఫోటో గోడకు పనికొస్తుంది. తేదీ, కుంట పేరు ఉంటే కొంచెం మసకగా ఉన్నా అది సాక్ష్యం. నా కెమెరాలో గడియారం తప్పుగా ఉండి ఒక ఏడాది ఫోటోలన్నిటికీ తప్పు తేదీలు పడ్డాయి. ఆ ఉల్లంకులు ఏ వారంలో దిగాయో ఇప్పుడు చెప్పలేను. అందుకని ఎవరికైనా మొదట చెప్పేది, కెమెరా గడియారం సరిచేసుకోమని. గూళ్ల ఫోటోలకు మాత్రం చోటు బయటపెట్టొద్దు.

అలా చూసిన పిట్టలను ఎవరైనా రాసిపెట్టగలిగే ఈబర్డ్ అనే లెక్క 2002లో కార్నెల్ పక్షిశాస్త్ర సంస్థ, ఆడుబాన్ సంస్థ కలిసి మొదలుపెట్టినది. పాలపిట్ట తగ్గుతోందని 2023 నివేదిక చెప్పగలిగిందంటే, మనలాంటి మామూలు జనం అందులో రాసిన లెక్కల వల్లే. చెరువు పిట్టలకు ప్రత్యేకంగా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన కూడా ఉంది, మన ఉపఖండంలో 1987 నుంచి నడుస్తోంది. కొల్లేరు లెక్క రాయడానికి చాలామంది ఉన్నారు. మందమర్రి కుంట లెక్క మందమర్రి వాళ్లే రాయాలి.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే, షిఫ్టుకు పోయే ముందో షిఫ్టు దిగి వస్తూనో, మీ దగ్గరి కుంటకు ఒకసారి పోయి రండి. పావుగంట కూర్చోండి. ఏ పిట్ట, ఎన్ని అన్నది రాసుకోండి. పేరు తెలియనిదాన్ని ఫోనుతోనైనా ఫోటో తీసుకోండి. గట్టు ఎక్కకముందే తీతువు అరిచి, కనపడకుండా వెళ్లిపోతే దాన్నీ రాయండి. కంటికి కనపడకపోయినా చెవికి వినపడిన పిట్ట లెక్కలోకి వస్తుంది.